గేర్ల వైరు తీసేయాలంటే ముందు బ్రేకులు చూడాలి

ప్రశ్న: మాది రాజమండ్రి. ఉద్యోగం కోసం వచ్చి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. నాది అల్యూమినియం ఫ్రేమున్న రోడ్ సైకిలు. గేర్లు షిమానో 105, ఆర్7000, 11 స్పీడ్. పళ్లు ముందు 50/34, వెనక 11-32. డిస్క్ బ్రేకులే, కానీ కేబుల్‌తో పనిచేసేవి. ఇప్పటికి పధ్నాలుగు వేల కిలోమీటర్లు తిరిగింది. చైను ఒకసారి మార్పించాను, కేబుళ్లు మాత్రం కొన్నప్పటివే. వానాకాలం వచ్చిందంటే గేర్లు మొండికేస్తున్నాయి. పెద్ద పళ్ల మీదికి ఎక్కాలంటే రెండుసార్లు నొక్కాల్సి వస్తోంది. రోజంతా కీబోర్డు పని కావడంతో కుడి మణికట్టు నొప్పి కూడా ఉంది. వైర్లు లేని ఎలక్ట్రానిక్ గేర్లకు మారదామనుకుంటున్నాను. వెనక డిరెయిలరు (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపేది), రెండు షిఫ్టర్లు (హ్యాండిల్ మీది గేరు మీటలు) మారిస్తే సరిపోతుందా? లక్ష రూపాయల్లో అవుతుందా? వచ్చే ఏడాది 600 కిలోమీటర్ల బ్రెవేకి (నిర్ణీత సమయంలో పూర్తి చేయాల్సిన దూరప్రయాణం, రేసు కాదు) వెళ్లాలని ఉంది, దారిలో బ్యాటరీ అయిపోతే ఎలా? నంది హిల్స్ చివరి మలుపుల్లో ఇప్పుడున్న గేర్లు చాలడం లేదు, అది కూడా చూసి చెప్పండి.

సమాధానం: సరిపోదండీ. డిరెయిలరు, షిఫ్టర్లతో పాటు మీ సైకిలుకి బ్రేకులు, క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి), చైను, ముందున్న పళ్లచక్రం కూడా మారతాయి. ఎందుకో ఒక్కొక్కటే చెప్తాం. అంతకంటే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి, దానికి అయిదు నిమిషాలు చాలు.

పెడలు తిప్పుతూ గేరును వెనక అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చి ఆపండి. కుడి షిఫ్టరు మీది రబ్బరు తొడుగును వెనక్కి ఒలిచి, కేబుల్ తల కూర్చునే చోట టార్చి వేసి చూడండి. షిమానో 11 స్పీడ్ రోడ్ షిఫ్టర్లలో కేబుల్ సరిగ్గా అక్కడే గట్టిగా మడత తిరుగుతుంది, అక్కడే ఒక్కో పోగూ తెగుతూ వస్తుంది. పధ్నాలుగు వేల కిలోమీటర్లు నడిచిన కేబుల్ అంటే పోగులు ముళ్లలా లేచి ఉండే అవకాశమే ఎక్కువ. పెద్ద పళ్ల మీదికి ఎక్కడానికి మొరాయించడం దాని మొదటి గుర్తు. అలాగే వదిలేస్తే ఒకరోజు తల పూర్తిగా తెగి షిఫ్టరు లోపల ఇరుక్కుంటుంది, ముక్కలు ఏరడానికి మెకానిక్కు సగం రోజు పడుతుంది. లోపలి కేబుల్, బయటి హౌసింగ్ (కేబుల్ మీది తొడుగు) రెండూ కొత్తవి వేయించి, డిరెయిలర్ హ్యాంగర్ (డిరెయిలరును ఫ్రేముకి పట్టి ఉంచే పలక) వంకర ఉందేమో గేజీతో చూపించండి. మీరు చెప్పిన ఇబ్బందిలో ముప్పాతిక భాగం దీనితోనే పోవచ్చు. అయ్యే ఖర్చు కూడా వందల్లోనే. ఇకముందు నాలుగైదు వేల కిలోమీటర్లకోసారి కేబుల్ మార్పిస్తే చాలు.

అది చేశాక కూడా మారాలనిపిస్తే మారండి, తప్పేం లేదు. మణికట్టు నొప్పికి ఎలక్ట్రానిక్ గేర్లు నిజంగానే మేలు చేస్తాయి, లివరును తోయక్కర్లేదు, మీట నొక్కితే చాలు. హౌసింగ్‌లోకి నీరు, ఔటర్ రింగ్ రోడ్ దుమ్ము చేరి బిగుసుకుపోయే బాధ ఉండదు. కానీ వంగిన హ్యాంగరును, అరిగిన చైనును ఏ మోటారూ సరిచేయదని గుర్తుంచుకోండి.

ఇక ఏది కొనాలన్నది. షిమానో ఎలక్ట్రానిక్ గేర్లు 105 డీఐ2, అంటే ఆర్7100 సిరీస్, 2022లో వచ్చింది. దాన్ని వైర్‌లెస్ అంటారు కానీ షిఫ్టర్లకు మాత్రమే వైరుండదు. సీటుపోస్టులో ఉండే పెద్ద బ్యాటరీ నుంచి ముందు, వెనక డిరెయిలర్లకు ఫ్రేము లోపలి నుంచే వైర్లు వెళ్లాలి. మీ ఫ్రేములో కేబుళ్లు బయటి నుంచి వెళ్తుంటే ఆ దారి మూసుకుపోయినట్టే. లోపలి నుంచి వెళ్తున్నా, వెనక చక్రం దగ్గర వైరు బయటికొచ్చే రంధ్రమూ సీటుట్యూబు నుంచి కింద బీబీ (పెడళ్ల ఇరుసు బేరింగు) దాకా అడ్డులేని దారీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఈ రెండూ ఉంటే డీఐ2 మంచి ఎంపికే. దాని 12 స్పీడ్ రోడ్ క్యాసెట్ మీ 11 స్పీడ్ హెచ్‌జీ ఫ్రీహబ్ (వెనక చక్రం మీద క్యాసెట్ ఎక్కే గాడుల భాగం; హెచ్‌జీ షిమానో గాడుల రకం) మీదే కూర్చుంటుంది, చక్రం మార్చక్కర్లేదు.

స్రామ్ అనే మరో కంపెనీ ఎలక్ట్రానిక్ గేర్లు ఏఎక్స్‌ఎస్‌లో మాత్రం ఎక్కడా వైరుండదు. ప్రతి డిరెయిలరుకీ సొంత బ్యాటరీ ఉంటుంది, ప్రతి షిఫ్టరులో ఒక సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఉంటుంది. ఉన్న ఫ్రేముకి బిగించడానికి ఇదే తేలిక. అయితే రోడ్ రైవల్, ఫోర్స్ రకాల క్యాసెట్లు 10 పళ్ల నుంచి మొదలవుతాయి. వాటికి ఎక్స్‌డీఆర్ అనే వేరే ఫ్రీహబ్ కావాలి. కంపెనీ సైకిళ్లతో వచ్చే మామూలు హబ్బులకు ఆ ఫ్రీహబ్ విడిగా దొరకడం కష్టం, అప్పుడు వెనక చక్రమే మార్చాల్సి వస్తుంది. ముందు డిరెయిలరుకు కూడా పేచీ ఉంది. స్రామ్ ఏఎక్స్‌ఎస్ ముందు డిరెయిలరు 46/33, 48/35 లాంటి 13 పళ్ల తేడాకు తయారైంది. మీ 50/34లో తేడా 16. కాబట్టి క్రాంకు (పెడళ్ల చేతులు, ముందు పళ్లచక్రాలు ఉండే భాగం), దానితో బీబీ కూడా మారతాయి. ఇవన్నీ కలిపితే లక్ష దాటి చాలా దూరం వెళ్తారు.

మీకు మేం చెప్పేది 2023లో వచ్చిన స్రామ్ ఏపెక్స్ ఎక్స్‌పీఎల్‌ఆర్ ఏఎక్స్‌ఎస్. ముందు ఒకే పళ్లచక్రం, వెనక 12. దానికోసం చేసిన పీజీ-1231 క్యాసెట్, 11-44, పాతకాలపు హెచ్‌జీ గాడుల ఫ్రీహబ్ మీదే ఎక్కుతుంది. అంటే మీ చక్రం మీకే ఉంటుంది. డిరెయిలరు మామూలు హ్యాంగరుకే బిగుస్తుంది. ముందు డిరెయిలరు ఖర్చు, దాని బ్యాటరీ, దాని సర్దుబాటు తలనొప్పి మూడూ తప్పుతాయి.

నంది హిల్స్ లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. ముందు 40 పళ్లు పెడితే కిందిగేరు 40/44, అంటే 0.91. మీ ఇప్పటి కిందిగేరు 34/32, అంటే 1.06. టైరు 700x28 అనుకుంటే, పెడలు నిమిషానికి 60 చుట్లు తిరిగినప్పుడు ఇప్పుడు మీరు గంటకు 8.2 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలి, కొత్తదానితో 7 చాలు. కొండ చివర్లో ఆ తేడా మోకాళ్లకు తెలుస్తుంది. పైగేరులో 40/11తో, 90 చుట్లకు 42 కిలోమీటర్ల దాకా వస్తుంది. ఇప్పుడున్న 50/11తో 52 దాకా వస్తోంది. అంటే కొండ దిగేటప్పుడు పెడలు తొక్కడం మానేసి జారనివ్వాలి. బ్రెవేలకు అది లోటేం కాదు. గుంపుతో రేసుగా తొక్కేవారైతే ఆలోచించాలి. మరో లోటు, పళ్ల మధ్య దూకుళ్లు పెద్దవవుతాయి. మీ 11-32లో 11, 12, 13, 14 అని ఒక్కో పన్నే పెరుగుతూ వస్తుంది, 44 దాకా వెళ్లే క్యాసెట్‌లో అంత సన్నటి మెట్లు ఉండవు. దేవనహళ్లి వైపు ఎదురుగాలిలో, కాళ్లు ఒకే లయలో తిరగాలనుకునే వారికి ఇది కొంత చికాకు. కొండలే ఎక్కువ తొక్కే మీకు ఫర్వాలేదని మా అభిప్రాయం.

ఇక బ్రేకుల సంగతి. ఎక్కువమంది కొన్నాక తెలుసుకొని కంగారుపడేది ఇక్కడే. ఏపెక్స్, రైవల్ ఏఎక్స్‌ఎస్ డ్రాప్ హ్యాండిల్ షిఫ్టర్లు హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులకే వస్తాయి. షిఫ్టరు, బ్రేకు లివరు ఒకటే వస్తువు కాబట్టి గేర్లు మారితే బ్రేకులూ మారాల్సిందే. మీ కేబుల్ క్యాలిపర్లు (బ్రేకు డిస్కును నొక్కే భాగాలు) ఆ లివరుతో పనిచేయవు. ఎక్కడైనా చవగ్గా షిమానో హైడ్రాలిక్ క్యాలిపర్లు దొరికాయని కొనకండి. స్రామ్ రోడ్ బ్రేకుల్లో డాట్ ద్రవం ఉంటుంది, షిమానోలో మినరల్ ఆయిల్. ఒకదాని సీళ్లు రెండోదానిలో ఉబ్బి పాడైపోతాయి, బ్రేకు నొక్కినప్పుడు లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. షిఫ్టరు, గొట్టం, క్యాలిపరు ముందే జోడించి ద్రవం నింపి ఇచ్చే కిట్లు ఉంటాయి, అవే తీసుకోండి. మీ ఫ్రేము, ఫోర్కుల మీద క్యాలిపర్ బిగించే చోటు ఫ్లాట్ మౌంటా, పోస్ట్ మౌంటా అన్నది ముందే చూసి చెప్పండి. రోటర్లు (బ్రేకు డిస్కులు) మందంగా ఉంటే వాడుకోవచ్చు, కానీ దాని మీద చెక్కి ఉండే కనీస మందం కన్నా తగ్గితే, మామూలుగా 1.5 మి.మీ. దగ్గర, మార్చేయండి. ప్యాడ్లు మాత్రం కొత్తవే వేయాలి.

గొట్టం దారి కూడా చూసుకోండి. మీ వెనక బ్రేకు కేబుల్‌కు ఇప్పుడు హౌసింగ్ మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా ఉంటే, అదే దారిలో గొట్టం దూరుతుంది. మధ్యలో ఫ్రేము స్టాపుల దగ్గర హౌసింగ్ ఆగిపోయి లోపలి తీగ మాత్రమే కనిపిస్తుంటే ఆ రంధ్రాల్లో గొట్టం పట్టదు. అప్పుడు ఫ్రేము వెంట బయటి నుంచి క్లిప్పులతో తీసుకెళ్లాలి.

కొనేటప్పుడు పేర్లు దగ్గరదగ్గరగా ఉండి మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ఎక్స్‌పీఎల్‌ఆర్ అనే పేరు మీదే కొత్తగా 13 స్పీడ్ వచ్చింది. ఆ డిరెయిలరు హ్యాంగరు లేకుండా నేరుగా ఫ్రేముకే బిగుస్తుంది, యూడీహెచ్ అనే హ్యాంగరు ప్రమాణం ఉన్న ఫ్రేమైతేనే కుదురుతుంది. మీరు తీసుకోవాల్సింది 12 స్పీడ్. రెండోది చైను. ఏఎక్స్‌ఎస్ రోడ్, ఎక్స్‌పీఎల్‌ఆర్ వాడేది ఫ్లాట్‌టాప్ (ఒక అంచు చదునైన) చైను, దాని రోలర్లు మామూలు 12 స్పీడ్ చైను రోలర్ల కంటే కాస్త లావు. పేరులో 12 ఉందని స్రామ్ పర్వతసైకిళ్ల ఈగల్ చైను తెచ్చుకోవద్దు, దాన్ని కలిపే పవర్‌లాక్ కూడా వేరే. క్యాసెట్ 44 పళ్లదైతే డిరెయిలరు మీద ఎక్స్‌పీఎల్‌ఆర్ అని ఉండాలి, మామూలు రైవల్ డిరెయిలరు 36 పళ్ల దాకానే. ఇక ముందు పళ్లచక్రం. మీ షిమానో క్రాంకు నాలుగు చేతులది, బోల్టుల వలయం 110 మి.మీ., చేతులు సమాన దూరంలో ఉండవు. దానికి సరిపడే నారో-వైడ్ రింగు (సన్న, వెడల్పు పళ్లు మార్చి మార్చి ఉండే పళ్లచక్రం), ఫ్లాట్‌టాప్ చైనుకు పనికొస్తుందని రాసి ఉన్నది, 40 పళ్లది అడగండి. పాత పెద్ద చక్రాన్నే ఉంచి చిన్నదాన్ని తీసేస్తే సరిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. రెండు డిరెయిలర్ల కోసం చేసిన పళ్లు పొట్టిగా, చైనును సులువుగా వదిలేసేలా కోసి ఉంటాయి. గుంతల్లో చైను ఊడి చేతికొస్తుంది.

లక్ష లెక్కకొస్తే, కొటేషన్ అడిగినప్పుడు ఇవన్నీ ఉన్నాయో చూడండి: షిఫ్టర్-క్యాలిపర్ జత రెండు, డిరెయిలరు, దాని బ్యాటరీ, చార్జరు, అదనపు బ్యాటరీ ఒకటి, క్యాసెట్, చైను, పవర్‌లాక్ రెండు, ముందు రింగు, ప్యాడ్లు, హ్యాండిల్ టేపు, బ్లీడింగ్ (బ్రేకు గొట్టంలో గాలి తీసేసి ద్రవం నింపడం) కూలి. విడి డిరెయిలర్ల ధరలో కొన్నిచోట్ల బ్యాటరీ కలిసి ఉండదు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం తోడవుతుంది, ఏదైనా పాడైతే వారంటీకి మళ్లీ అక్కడికే పంపాలి. ఇక్కడి పంపిణీదారు బిల్లుతో కొంటే కాస్త ఎక్కువైనా మా ఓటు దానికే. మీ పాత ఆర్7000 షిఫ్టర్లు, డిరెయిలర్లకు గిరాకీ ఉంటుంది. తీసేశాక శుభ్రంగా తుడిచి అమ్ముకోండి.

పని ఎలా సాగాలో చెప్తాం. మీరే చేసుకున్నా, మెకానిక్ చేస్తుంటే పక్కన నిలబడ్డా పనికొస్తుంది.

మొదట హ్యాంగరు. పాత డిరెయిలరు తీశాక గేజీ పెట్టి చక్రం చుట్టూ నాలుగు చోట్ల కొలవాలి. ఇది వదిలేసి ముందుకెళ్తే తర్వాత ఎంత సర్దినా ఏదో ఒక పళ్లచక్రం దగ్గర కరకరలాడుతూనే ఉంటుంది. లోపలి నుంచి వెళ్లే బ్రేకు హౌసింగును లాగేసే ముందు దాని కొనకు పొడవాటి సన్నని దారం కట్టండి. దారం లోపలే ఉండిపోతే గొట్టం దూర్చడం రెండు నిమిషాల పని, లేకపోతే ఒక పూట. గేరు కేబుళ్లు పోయాక ఫ్రేములో మిగిలే రంధ్రాలకు రబ్బరు బిరడాలు పెట్టండి, లేకపోతే జూన్ వానలకు ఫ్రేము లోపల నీళ్లు నిలుస్తాయి.

షిఫ్టర్లు హ్యాండిల్‌కు ఎక్కించి, గొట్టం పొడవు చూసుకునేటప్పుడు హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పండి. లాగినట్టు అనిపిస్తే పొట్టిదైనట్టు. గొట్టం కోశాక లోపలి బార్బు, ఆలివ్ (గొట్టం కొనను కారకుండా బిగించే చిన్న ముక్కలు) కొత్తవే వేయాలి, పాతవి మళ్లీ వాడితే కారతాయి. బ్లీడింగ్‌కు డాట్ 5.1 వాడండి. అది పెయింటును తినేస్తుంది కాబట్టి ఫ్రేము మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి. డాట్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సీలు తీసిన సీసాలో మిగిలింది వచ్చే ఏడాదికి దాచకండి. బ్లీడింగ్ జరుగుతున్నంతసేపూ ప్యాడ్లు, రోటర్లు అక్కడ ఉండకూడదు, ఒక్క చుక్క తగిలినా కీచుమంటాయి, ఆ ప్యాడు ఇక పనికిరాదు.

క్యాసెట్ లాక్‌రింగు 40 న్యూటన్ మీటర్లకు బిగించాలి. బిగించాక క్యాసెట్ పట్టుకొని పక్కలకు కదపండి. కదిలితే వెనక స్పేసర్ పడాలని అర్థం. పర్వతసైకిళ్ల పొడవుకు చేసిన క్యాసెట్‌ను 11 స్పీడ్ రోడ్ ఫ్రీహబ్ మీద పెట్టినప్పుడు 1.85 మి.మీ. స్పేసర్ కావాల్సి వస్తుంది. అది లేకుండా నడిపితే గేర్లు సరిగ్గా పడవు, తప్పు డిరెయిలరు మీదికి పోతుంది.

డిరెయిలరు బిగించేటప్పుడు బీ-స్క్రూ (డిరెయిలరుకూ పళ్లకూ మధ్య ఎడం సర్దే స్క్రూ) పలక హ్యాంగరు మీది మెట్టుకు ఆని ఉండాలి, దాని వెనక్కి జారిపోకూడదు. చైను పొడవు ఇలా చూడండి: డిరెయిలరులో దూర్చకుండా ముందు రింగు, వెనక 44 మీదుగా చుట్టి, రెండు కొనలు కలిసే చోటు గుర్తించి, దానికి ఒక బయటి లింకు, ఒక లోపలి లింకు కలపండి. చదును అంచు బయటి వైపుకు, అంటే పళ్లకు తగలని వైపుకు, ఉండాలి. పవర్‌లాక్ మీద బాణం గుర్తు చైను కదిలే దిక్కుకు. ఈ పవర్‌లాక్ ఒక్కసారికే, విప్పితే పారేసి కొత్తది వేయాలి. రెండు కొనమన్నది అందుకే. తర్వాత డిరెయిలరు పై చిన్న చక్రానికీ 44 పళ్లచక్రానికీ మధ్య ఎడం, ఆ డిరెయిలరుకు ఇచ్చిన గేజీతో సరిచూడాలి. ఎడం ఎక్కువైతే గేరు నెమ్మదిగా పడుతుంది, తక్కువైతే పెద్ద పళ్ల మీద చైను రాసుకొని గరగరమంటుంది. ఎలక్ట్రానిక్ గేర్లు సరిగ్గా పడటం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఈ ఎడమే మూలం.

షిఫ్టర్లను డిరెయిలరుతో జత చేయడం తేలిక. డిరెయిలరు మీది ఏఎక్స్‌ఎస్ బటన్ పచ్చదీపం నెమ్మదిగా మిణుకుమనేదాకా నొక్కి పట్టుకొని వదలండి. ఒక షిఫ్టరు బటన్ దాని దీపం వేగంగా మిణుకుమనేదాకా పట్టుకోండి, రెండోదీ అంతే. చివర మళ్లీ డిరెయిలరు బటన్ ఒకసారి నొక్కితే ముగుస్తుంది. మధ్యలో ఫోనొచ్చి ఆలస్యమైతే దానంతటదే ఆగిపోతుంది, మొదటి నుంచి చేయాలి. మామూలుగా కుడి మీట బరువు గేరుకు, ఎడమ మీట తేలిక గేరుకు. కొండెక్కుతూ ఎక్కువగా వాడేది ఎడమది కాబట్టి మీ కుడి మణికట్టుకు ఇది కలిసొస్తుంది. ఇంకా మార్చుకోవాలంటే ఫోన్‌లో స్రామ్ యాప్‌లో మార్చుకోవచ్చు.

సన్నని సర్దుబాటుకు షిఫ్టరు లోపలి వైపున్న బటన్ పట్టుకొని మీట నొక్కాలి, ఒక్కో నొక్కుకు డిరెయిలరు వెంట్రుకవాసి జరుగుతుంది. వెనక రెండో పెద్ద పళ్లచక్రం మీద పెట్టి, పై చిన్న చక్రం దాని కింద నిట్టనిలువుగా వచ్చేదాకా సర్దండి. ఇక్కడ ఒకటి సరైతే మిగతా పదకొండూ సరవుతాయి, కేబుల్‌లా రోజూ జారిపోదు. హద్దు స్క్రూలు మాత్రం ఇప్పటికీ ఉంటాయి. వాటిని తగిలేదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి వదలండి. గట్టిగా బిగిస్తే మోటారు ప్రతిసారీ ఆ స్క్రూను తోస్తూ బ్యాటరీ తాగేస్తుంది. 44 మీద ఉన్నప్పుడు పెడలు వెనక్కి తిప్పి చూడండి. చైను కింది పళ్లచక్రం మీదికి జారిపోతుంటే ముందు రింగు మరీ బయటికి కూర్చుందని, చైన్‌లైన్ (ముందు, వెనక పళ్లచక్రాలు ఒకే వరుసలో ఉండటం) సరిచేయాలని గుర్తు.

బ్రేకులు వేశాక ప్యాడ్లను అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు మీద ఓ మాదిరి వేగం నుంచి నడక వేగం దాకా ఇరవైసార్లు, ఆపై ఇంకొంచెం వేగం నుంచి పదిసార్లు తగ్గించండి. చక్రం పూర్తిగా ఆగనివ్వకండి. ఇది చేయకుండా నేరుగా నంది హిల్స్ దిగడానికి వెళ్లొద్దు.

బ్యాటరీ గురించి మీ భయం కాగితం మీద లెక్కేస్తే పోతుంది. డిరెయిలరు బ్యాటరీ ఒక చార్జికి సుమారు 60 గంటలు నడుస్తుందని స్రామ్ చెప్తుంది, పూర్తిగా చార్జి కావడానికి గంట పడుతుంది. 600 బ్రెవే సమయ పరిమితి 40 గంటలు. కొత్త బ్యాటరీతో మధ్యలో మార్చే పనే ఉండదు. పాతబడ్డ బ్యాటరీకి ఆ ధీమా వద్దు. రెండు డిరెయిలర్లున్న సైకిలుకి ముందుదాని బ్యాటరీ తీసి వెనక పెట్టుకునే వెసులుబాటు ఉంటుంది, మీకు ఒకటే కాబట్టి అదనంగా ఒకటి కొనమన్నాం. పాతిక గ్రాముల వస్తువు, టూల్ బ్యాగులో పడుంటుంది. గేరు మార్చినప్పుడు డిరెయిలరు దీపం పచ్చగా ఉంటే సరే, ఎర్రబడితే 5 నుంచి 15 గంటలు మిగిలినట్టు, ఎర్రగా మిణుకుమంటే 5 గంటల్లోపే. పూర్తిగా అయిపోతే డిరెయిలరు ఉన్న గేరులోనే ఆగిపోతుంది. అందుకే ఎర్రదీపం చూశాక కొండ మొదట్లోనే బ్యాటరీ మార్చేయండి, 11 పళ్ల మీద ఇరుక్కుంటే తోసుకుంటూ ఎక్కాలి.

ఒక సంగతి చాలామందికి తెలియదు. డిరెయిలరు కదలికను పసిగట్టి మేలుకుంటుంది. సైకిలును కారు వెనక కట్టుకొని చిక్కబళ్లాపుర దాకా వెళ్తే దారి పొడవునా అది మేలుకొనే ఉంటుంది, తొక్కకుండానే చార్జి తగ్గుతుంది. బ్యాటరీ తీసి దాని ప్లాస్టిక్ మూత వేసి, కాంటాక్టుల చోట డిరెయిలరుతో వచ్చిన అడ్డు పెట్టండి. విమానంలో ఊరికి తీసుకెళ్తే బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో అనుమతించరు.

వాన గురించి దిగులొద్దు. ఈ భాగాలకు నీరు, దుమ్ము చొరబడని ఐపీ69కే రక్షణ ఉందని స్రామ్ చెప్తుంది. అలాగని సర్వీసు స్టేషన్‌లో బండ్లు కడిగే ప్రెషర్ గన్ డిరెయిలరు మీదికి తిప్పనివ్వకండి, నీరు మోటారులోకి పోకపోయినా చిన్న చక్రాల బేరింగుల్లోని గ్రీజు కొట్టుకుపోతుంది. తడిసిన రోజు బ్యాటరీ ఊడదీసి కాంటాక్టులు పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

గేరు పడకపోతే వెతికే వరుస ఇది. షిఫ్టరు మీట నొక్కినప్పుడు దాని దీపం వెలగలేదంటే బిళ్ల అయిపోయింది. షిఫ్టరు వెలిగి డిరెయిలరు వెలగలేదంటే బ్యాటరీ సరిగ్గా కూర్చోలేదు, లేదా అయిపోయింది, లేదా జత తెగింది. రెండూ వెలిగి డిరెయిలరు కదలలేదంటే హద్దు స్క్రూలు, లేదా పడినప్పుడు తగిలిన దెబ్బ. సైకిలు కుడివైపు పడితే గేరు వేసే ముందు వెనక నుంచి నిలువుగా చూడండి. హ్యాంగరు లోపలికి వంగి ఉంటే 44 మీదికి వేసిన మరుక్షణం డిరెయిలరు చక్రం పుల్లల్లోకి పోతుంది. ఒక హ్యాంగరు అదనంగా తెప్పించుకోండి, ఫ్రేము మోడల్ ఏదో చెప్పి మరీ. ఒకదానిది ఇంకొకదానికి పట్టదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ యాప్‌లో కనిపించినా బ్రెవే ముందురోజు రాత్రి చేయకండి. వారం ముందు చేసి, ఆఫీసుకు రెండు మూడు రోజులు తొక్కి చూసుకోండి. షిఫ్టరు బిళ్లలు దాదాపు రెండేళ్లు వస్తాయి, అయినా బ్రెవేకి వెళ్లే ముందు రెండూ కొత్తవి వేసి, టూల్ బ్యాగులో ఇంకో రెండు, వాటి మూత విప్పడానికి ఏ కొలత అలెన్ కీ లేదా నాణెం పడుతుందో ముందే ఇంట్లో చూసి పెట్టుకోండి.